అమీన్ సాబ్ మెచ్చిన వాక్యం

మొన్న సైదాబాద్‌లో మా వీధి చివరి బడి వార్షికోత్సవానికి పిలిచి నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. వేదిక మీద ఒక చిన్నపిల్ల నీటి విలువను గురించి ఉపన్యసిస్తోంది. నా పక్క కుర్చీలో ఆ పిల్ల తల్లి కూర్చుంది. ఆమె ఒడిలో ఉపన్యాసం కాగితం ఉంది. కూతురి నోట ఒక్కొక్క మాట వెలువడుతుంటే తల్లి చూపుడువేలు ఒక్కొక్క పంక్తి కిందికి దిగుతోంది. పిల్ల ఎక్కడో ఒక పంక్తి దాటవేసింది. వేలు ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకు వచ్చింది, ఎక్కడ నిలవాలో తెలియక కాగితం అంచున తారాడింది.

సభలో అందరూ పిల్లను చూస్తున్నారు. నేను మాత్రం ఆ వేలినే చూస్తూ ఉండిపోయాను. నా యౌవనంలో ఒక సాయంత్రం అటువంటి కాగితం మీద అటువంటి వేలు నాది. నా పక్కన కూర్చున్నవాడు మాత్రం పోలీసు అమీను.

అప్పుడు మా ఇల్లు గౌలిపురాలో, ఎడ్లబండి దూరితే మనిషి గోడకు అతుక్కోవలసిన ఇరుకు గల్లీలో ఉండేది. ముందు బాపు దుకాణం, వెనుక బస్తాల కొట్టు, మిద్దె మీద మేము. శాలిబండ నుంచి, లాల్‌దర్వాజా నుంచి చిల్లర వర్తకులు బెల్లం, చింతపండు, ఎండుమిరప మా దగ్గరే ఎత్తుకుపోయేవారు. ఆ మూడింటి వాసన మా బట్టలను, పుస్తకాలను, అవ్వ, అంటే మా అమ్మ, వండే పరమాన్నాన్ని కూడా వదిలేది కాదు. కాలేజీలో నా పక్కన కూర్చునే, నవాబుల దేవిడీ నుంచి వచ్చే పిల్లవాడొకడు నేను పుస్తకం తెరవగానే తుమ్మేవాడు.

కాలేజీలో చదువంతా ఉర్దూలో. వక్తృత్వ సంఘంలో వాదోపవాదాలూ ఉర్దూలోనే. మా ఉస్తాదు నేర్పిన సూత్రాలు ఇప్పటికీ నాలుక మీదనే ఉన్నాయి. ప్రశ్నతో మొదలుపెట్టు, జవాబును చివరిదాకా దాచు. ఎదుటివాడి వాదాన్ని వాడికంటె చక్కగా చెప్పి, ఆ తరువాతనే విరగ్గొట్టు. ఋజువు చూపలేని మాటను ఎంత అందంగా ఉన్నా కొట్టివెయ్యి. ఈ విద్య నాకు ఎంత తలకెక్కిందంటే, ఇంట్లో వ్రతం జరుగుతుంటే కథ చెబుతున్న అయ్యవారిని ఆపి, యజమాని చేసిన తప్పుకు పడవలోని కూలీలు ఎందుకు మునగవలసివచ్చిందని అడిగాను. అయ్యవారు దర్భను కింద పెట్టి బాపు వైపు చూశాడు.

“వీని నోట్లె నాలుక కాదు, దేవుడు కత్తెర పెట్టిండు,” అన్నాడు బాపు. “మాఫ్ చెయ్యిన్రి అయ్యవారూ. కాలేజీల గిదే నేర్పుతున్రట.”

ఉపన్యాసం సాధన చేసేందుకు నాకు బస్తాల కొట్టే సభాస్థలి. తలుపు చేరవేసుకొని, మిరప బస్తాల మీద ఎక్కి నిలబడి, ఎదుట చింతపండు బస్తాలను శ్రోతలుగా భావించుకొని గొంతెత్తేవాడిని. వాటిని మించిన శ్రోతలు నాకు ఎన్నడూ దొరకలేదు. అవి దగ్గేవి కావు, లేచిపోయేవి కావు. ఒకనాడు మాత్రం నేను “దీనికి ఋజువు ఏమిటని మీరు అడుగవచ్చు” అనగానే ఒక బస్తా వెనుక నుంచి “అడుగుతున్న, చెప్పు!” అని బొంగురు గొంతు లేచింది. నేను మిరప బస్తా మీది నుంచి జారిపడ్డాను. బస్తా వెనుక నుంచి బెల్లం ముక్క నములుతూ లేచివచ్చినవాడే ఈ కథలోని రెండవ మనిషి.

అతడు మా ఎదురింటి పాలవాళ్ళ కొడుకు. నాకంటె పెద్దవాడు గనుక అన్నా అని పిలిచేవాడిని. అతడు నన్ను తమ్మీ అనేవాడు. బడి చదువు మధ్యలోనే వదిలేసి, తెల్లవారకముందే పాలు పితికి, సైకిలుకు క్యాన్లు తగిలించుకొని చాంద్రాయణగుట్ట దాకా పోసి వచ్చేవాడు. ఏ ఇంటి ముందు సైకిలు ఆపినా అక్కడ నవ్వు మొదలయ్యేది. తురక ఇళ్ళలో పరదా వెనుక ముసలమ్మలు కూడా “అరే దూద్‌వాలే, కల్ కీ బాత్ పూరీ కర్” అని నిన్నటి ముచ్చట ముగించమని అడిగి ఆపేవారు.

అతని మీద నాకున్న అసూయ ఎక్కడ మొదలైందో నాకు స్పష్టంగా తెలుసు. అది మా అవ్వ పెదవుల దగ్గర మొదలైంది. కాలేజీలో నాకు బహుమతి తెచ్చిన ఉపన్యాసాన్ని తెలుగు చేసి ఒక మధ్యాహ్నం అవ్వకు వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ చివరిదాకా విన్నది. “మంచిగ సదివినవ్ బిడ్డా,” అన్నది. నేను చదవలేదు, చేతిలో కాగితమే లేదు. ఆ మాట అనబోయేంతలో అన్న జున్ను గిన్నెతో లోపలికి వచ్చాడు. ఆ ఉదయమే వాళ్ళ బర్రె ఈనింది. దుడ్డె పుట్టగానే లేచి నిలబడబోయి అన్న వాళ్ళ నాన్న కాళ్ళ మధ్య దూరిందని, ఆయన దాన్ని పాముగా భ్రమించి గడ్డివాము ఎక్కాడని, దిగేందుకు నిచ్చెన తెచ్చేదాకా అక్కడి నుంచే ఇంటివాళ్ళకు పనులు పురమాయించాడని చెప్పాడు. అంతే సంగతి. అవ్వ చాట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. జున్నులో మిరియం వాసన, బెల్లం వాసన కలిసి ఇల్లంతా నిండాయి. నేను ఆ జున్ను ముట్టుకోలేదు.

“ఏంది తమ్మీ, జున్ను తినవా?” అన్నాడు.

“ఆకలి లేదు.”

“ఉపన్యాసం తిన్నట్టున్నవ్,” అన్నాడు. అవ్వ మళ్ళీ నవ్వింది.

మా గల్లీ మలుపులో రంగులద్దేవాళ్ళ దుకాణం మీది గది పెద్దలందరూ కలిసి నడిపే పఠన మందిరం. తెలుగు పత్రికలు, కొన్ని పుస్తకాలు, ఒక పొడుగాటి బల్ల. కింద నీలిమందు ఉడుకుతుంటే పైన పత్రిక పుటలకు కూడా ఆ ఘాటు పట్టేది. దానికి పెద్ద దిక్కు వకీలు తాత. నెరిసిన మీసం, మోకాళ్ళు దాటిన షేర్వానీ, కచేరీ మానినా మానని వకీలు దర్జా. ఆ యేడు మందిరానికి వార్షికోత్సవం చేయాలని పూనుకున్నారు. అయితే ఆ రోజుల్లో సభ అంటే షామియానా, దరీలు సమకూర్చుకుంటే సరిపోయేది కాదు. ముందుగా సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. ఇజాజత్ కావాలంటే వక్త ఏం మాట్లాడబోతున్నాడో ఆ ప్రసంగమంతా ఉర్దూలో రాసి దాఖలు చేయాలి. సభనాడు అమీను ఆ కాగితం పట్టుకొని వచ్చి కూర్చుంటాడు. కాగితంలో లేని మాట వక్త నోట వస్తే సభ అక్కడితో ఆగిపోతుంది. గదికి తాళం పడుతుంది. ఒక పఠన మందిరం అట్లా తాళం పడి మళ్ళీ తెరుచుకోలేదని వకీలు తాత స్వయంగా చూసివచ్చి చెప్పాడు.

ప్రధాన ఉపన్యాసం నాదేనని నేను అనుకోవడంలో అహంకారం ఉన్నదా? నిష్పక్షపాతంగా అడుగుతున్నాను. ఆ గల్లీలో కాలేజీ గడప తొక్కినవాడిని నేనొక్కడినే. ఉర్దూలో రాయగలిగినవాడిని, తెలుగులో మాట్లాడగలిగినవాడిని. పిలుపు వస్తుందని షేర్వానీకి కొత్త బొత్తాములు కుట్టించుకున్నాను. పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి బల్ల చుట్టూ పెద్దలున్నారు, కిటికీ దగ్గర అన్న నిలబడి కింద ఎవరితోనో పాల లెక్క మాట్లాడుతున్నాడు.

“బిడ్డా,” అన్నాడు వకీలు తాత, “ప్రసంగం నువ్వు రాయాలె. తెలుగుల రాయి, ఉర్దూల రాయి. నీ అంత పద్ధతిగ రాసెటోడు లేడు.”

“రాస్తాను తాతా.”

“మాట్లాడేది వీడు.” చేతికర్రతో అన్నను చూపించాడు.

నేను ఉస్తాదు నేర్పిన ప్రకారమే అడిగాను. “కారణం తెలుసుకోవచ్చునా? రాసినవాడు మాట్లాడితే వచ్చే నష్టమేమిటి? కాగితం దాటకూడదన్నప్పుడు, కాగితం తెలిసినవాడు వేదిక మీద ఉండడం క్షేమం కాదా?”

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వకీలు తాత కోపగించుకోలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

“నీ సవాలు వాజిబే. జవాబు గూడ విను. నువ్వు మాట్లాడితె సదివినట్టుంటది బిడ్డా. వాడు మాట్లాడితె మాట్లాడినట్టుంటది. వాడొస్తుండంటె గల్లీ గల్లీ కదిలొస్తది. నువ్వొస్తున్నవంటె మీ బాపు వస్తడు.”

“బాపు గూడ దుకాణం బంద్ చేసినంకనే వస్తడు,” అన్నాడు కిటికీ దగ్గరి నుంచి అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత కష్టమో వాదంలో ఓడినవాడికి గాని తెలియదు.

రాయడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, అంత శ్రద్ధగా ఆ తరువాత ఏదీ రాయలేదు. ప్రభువుల దీర్ఘాయువును కోరే ఆనవాయితీ వాక్యంతో ప్రారంభం, పిదప ఒక ప్రశ్న, ఆ పిదప మూడు మెట్లుగా వాదం. మనిషికి చదువు ఎందుకు, చదువుకు పుస్తకం ఎందుకు, పుస్తకానికి నలుగురూ కూడే చోటు ఎందుకు. ఎక్కడా అమీను కనుబొమ పైకి లేవకుండా, ఎక్కడా మా తల కిందికి దిగకుండా. కాగితం సిద్ధమైన తరువాత అతనికి నేర్పడం కూడా నా పనే.

బర్రెల కొట్టంలో నిలబడి నేను చదివేవాడిని. అతడు తౌడు కలుపుతూ, బర్రె వీపు మీద నీళ్ళు కుమ్మరిస్తూ వినేవాడు. అసూయ మనిషికి ఎటువంటి చిల్లర తెలివి నేర్పుతుందో చూడండి. అతని నాలుక తొట్రుపడాలని ఏరి ఏరి పెద్ద మాటలు పెట్టాను.

“కర్తవ్యపరాయణత్వము,” అన్నాను.

“కర్తవ్య... గదేంది తమ్మీ? మనం దీనికి పెడదాం ఆ పేరు.” పక్కనున్న బర్రె మెడ మీద చరిచి, “ఓ కర్తవ్యా, అటు జరుగు,” అన్నాడు. ఆ బర్రె జరిగింది. ఆ తరువాత చాలా రోజులు గల్లీలో పిల్లలు దాన్ని ఆ పేరుతోనే పిలిచారు.

“నువ్వు మనసు పెట్టి వినడం లేదు అన్నా. సభ ఆగిపోతే తాళం పడుతుంది.”

“ఫికర్ చెయ్యకు. నువ్వు సదువు, నేను వింటున్న. గంగడోలు గోకుతుంటె బర్రె వింటలేదనుకుంటవా? గట్లనే.”

ఉర్దూ ప్రతిని కొట్టులో, నా శ్రోతలైన చింతపండు బస్తాల మధ్య కూర్చొని రాశాను. తెలుగులో లేని ఒక వాక్యం అక్కడ కలం కిందికి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, వెదకలేదు, సవరించలేదు. తెలుగులో చెప్పుకుంటే అది ఇది: “ఇంకొక భాష నేర్చినవాడు తన ఇంటికి ఇంకొక కిటికీ తెరిచినవాడు. తన భాషనే మరిచినవాడికి కిటికీలు ఎన్ని ఉంటేనేమి, నిలబడి చూడడానికి ఇల్లు ఎక్కడిది?”

ఉర్దూలో అది ఇంకా బాగుంది. లేచి నిలబడి రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఎదురింట్లో అన్న ఎవరికో ఏదో చెబుతుంటే నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ వాక్యం అతని నోట్లో పడుతుందని, దానికి మోగే చప్పట్లు అతని మీద రాలుతాయని తలచుకున్నాను. ఉర్దూ కాగితంలో ఉంచాను. తెలుగు కాగితంలో చేర్చలేదు. రాసిన మాట చెప్పకపోవడం నేరం కాదు, రాయని మాట చెప్పడమే నేరం. ఆ న్యాయం ప్రకారం నేను ఎవరికీ అపాయం చేయలేదు. ఒక వాక్యాన్ని మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. కాగితం దాఖలైంది, సర్కారు ముద్ర, మొహరు, పడి తిరిగివచ్చింది.

సభనాడు వకీలు తాత మాట నిజమైంది. గల్లీ గల్లీ కదిలివచ్చింది. పాలవాళ్ళు, బట్టల దుకాణాలవాళ్ళు, బండ్లవాళ్ళు, వెదురు చిక్కుతెరల వెనుక ఆడవాళ్ళు. మల్లెలు, నీలిమందు, దుమ్ము చల్లారేందుకు చిలకరించిన నీళ్ళ వాసన. అమీన్ సాబ్ సరైన వేళకు వచ్చాడు. సన్నని మనిషి, ఎక్కడో ఉత్తరాది పట్నం నుంచి కొలువు కోసం వచ్చినవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, మా ఉర్దూ విన్నా పంటికింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు. బాదం షర్బత్ అందుకొని, పాన్ బుగ్గన పెట్టుకొని, కాగితం తెరిచి, నన్ను పక్కన కూర్చోమన్నాడు. వక్త ఎక్కడిదాకా వచ్చాడో నేను పంక్తి పంక్తికీ వేలు పెట్టి చూపాలి. అదీ నాకు దక్కిన స్థానం. వేదిక ఎదుట, వేదిక మీద కాదు.

అన్న లేచాడు. ఉతికిన తెల్ల అంగీ, నూనె పెట్టిన తల. ఆనవాయితీ వాక్యం చెప్పాడు. నా మొదటి ప్రశ్న అడిగాడు. నా మొదటి మెట్టు సగం ఎక్కాడు. నా వేలు అతనితోపాటు నడిచింది. జనం బుద్ధిగా కూర్చున్నారు. ఎవరో ఆవులించారు. అది నా వాక్యానికే ఆవులింత అని నాకు తెలిసింది. అతనికీ తెలిసింది. ఒక్క క్షణం ఆగి, మెడ వెనుక గోక్కొని, కాగితాన్ని వదిలేశాడు.

“గిదంత సరే గని, మా గల్లీల జరిగిన ముచ్చట చెప్త ఇనున్రి,” అన్నాడు. “మొన్న పొద్దుగాల మా గోడకు ఎవరో కాయితం అంటిచ్చి పోయిన్రు. ఉర్దూల ఉన్నది. ఆ పొద్దు గల్లీల సదువ వచ్చినోడు ఒక్కడు లేడు. మా పెద్దవ్వ చూసి, బర్రెల మీద పన్నేసిన్రు బిడ్డా అన్నది. పక్కింటాయన వచ్చి, పన్ను కాదు, పోరగాండ్లకు సూదులేసెటోళ్ళొస్తున్రు అన్నడు. పన్నయితె బర్రెలను దాచాలె. సూదులయితె పోరగాండ్లను దాచాలె. మా పెద్దవ్వ మస్తు తెలివిగలది. రెండిట్నీ ఒక్క అర్రల తోలి గొళ్ళెం పెట్టింది!”

షామియానా అదిరేటట్టు నవ్వారు. నా వేలు ‘చదువు లేనివాడు చీకటిలో నడిచేవానితో సమానుడు’ అనే పంక్తి మీద నిలిచిపోయి ఉంది. అమీను ఆ పంక్తి చదివాడు, జనాన్ని చూశాడు, మళ్ళీ పంక్తి చదివాడు.

“ఇందులో నవ్వడానికి ఏముంది?” అని ఉర్దూలో అడిగాడు.

“చెప్పే తీరు అటువంటిది జనాబ్,” అన్నాను.

తాను అసూయపడేవాడి గొప్పదనాన్ని తన నోటితో తానే ఒప్పుకోవలసిన అవసరం ఈ ప్రపంచంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. అన్న ఆగలేదు.

“దుడ్డెలు లోపల, పోరగాండ్లు లోపల. దుడ్డె పోరని చొక్కా నమలవట్టె, పోరడు దుడ్డె తోక గుంజవట్టె. ఒకటే లొల్లి! సాయంత్రం అటు పోతున్న ఒక మియా సాబ్‌ను బతిమాలి సదివిపిచ్చినం. ఆయన సదివి కడుపు పట్టుకొని నవ్విండు. దేవిడీల బేగం సాహెబా చిలక ఎగిరిపోయిందట. దొరికితె తెచ్చియ్యాల్నట!”

బాపు నవ్వుతున్నాడు, దుకాణం నిజంగానే మూసి వచ్చాడు. చిక్కుతెర వెనుక మా అవ్వ నవ్వు నేను గుర్తుపట్టాను. నా చేతిలో ఋజువు ఉంది. మొహరు పడిన ఋజువు. “జనాబ్, వక్త కాగితం వదిలేశాడు” అంటే చాలు. అది అబద్ధం కాదు, నింద కాదు. కాలేజీలో ఏ వాదంలోనైనా ఆ మాట నేను తడుముకోకుండా అని ఉండేవాడిని. ఆ మాట అంటే అన్నను దించుతారు, మందిరానికి తాళం పడుతుంది, ఇక ఆ సభకు మిగిలే ఏకైక ఉపన్యాసం నా కాగితం. ఇదంతా నేను లెక్క వేయలేదని అనను. నోటిదాకా వచ్చిన మాటను ఆపినది మంచితనమనీ అనను. అతడు తరువాత ఏమంటాడో వినాలనిపించింది. ఆపితే వినలేను. అంతే.

నవ్వు తగ్గేదాకా అన్న నిలబడ్డాడు. పిదప గొంతు తగ్గించాడు. అది ఉస్తాదు మాకు ఏళ్ళ తరబడి నేర్పబోయి నేర్పలేకపోయిన తగ్గింపు.

“నవ్వినం. మంచిగున్నది. గని చిలకకేంది? దానికి ఎగురుడొచ్చు, పోయింది. అర్రల ఉన్నది మనం. మన గోడకు అంటిచ్చిన కాయితం మనకు తెలిసే మాటల ఉండొద్దా? గా మాట అడుగుడు గూడ మనకు చాతకాదా?”

వకీలు తాత చేతికర్ర మీద వేళ్ళు బిగిసిపోయాయి. అన్ని కళ్ళూ అమీను వైపు తిరిగాయి. నా వేలు అప్పటికి పంక్తులన్నీ దాటి నా వాక్యం దగ్గరికి చేరింది. అక్కడే నిలిపాను.

“ఏమన్నాడు?” అన్నాడు అమీను.

“భాషను గురించి, జనాబ్. పరుల భాష ఎంత నేర్చినా తనది మరవరాదని.”

అతడు వంగి నా వేలి కింది వాక్యం చదివాడు. పాన్ నమలడం ఆపాడు. మళ్ళీ చదివాడు. తలెత్తి, చప్పుడు లేని జనాన్ని చూసి, వారంతా ఆ వాక్యానికే మూగవోయారని నిశ్చయించుకున్నాడు.

“సుబ్‌హానల్లా,” అన్నాడు మెల్లగా. కాసేపటికి, నాతో కాక తనతోనే అన్నట్టుగా, “నా పిల్లలు మీ దక్కనీ మాట్లాడుతున్నారు. మా ఊరి మాట వాళ్ళకు నవ్వు పుట్టిస్తుంది,” అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా ఉపన్యాసానికి వేలు అవసరం లేకపోయింది.

సభ ముగిసింది. అన్న మెడలో దండ పడింది. అమీను నేరుగా వెళ్ళి అతని భుజం తట్టాడు. “మియాఁ, ఆ కిటికీ మాట! పాలు అమ్ముకునేవాడి నోట ఆ మాట వింటానని అనుకోలేదు,” అన్నాడు. అన్నకు చదవడం రాకపోయినా ఉర్దూ మాట బాగా వచ్చు. కళ్ళు చిట్లించి నా వైపు చూశాడు. నేను షామియానా గుంజ వైపు చూశాను. కాదనేందుకు వీలు లేదు. ఆ వాక్యం అతడు చెప్పలేదని తెలిస్తే, చెప్పినదేమిటన్న ప్రశ్న వస్తుంది. నా జీవితంలో నేను రాసిన ఒకే ఒక మంచి వాక్యానికి నా కళ్ళెదుట ఇంకొకడు సలాం చేసి షుక్రియా చెప్పుకున్నాడు.

ఇంటికి వస్తుంటే దండ తీసి చేతికి చుట్టుకొని అడిగాడు. “తమ్మీ, గా అమీను ఏదో కిటికీ అన్నడు. నేనెప్పుడన్నరా కిటికీ?”

“ఏమో అన్నా. చాలా అన్నావు గదా.”

“నువ్వే రాసి ఉంటవ్. ఏందో చెప్పు. మంచి మాటనట. వచ్చే సభల వాడుకుంట.”

“గుర్తు లేదు,” అన్నాను.

అతడు నమ్మాడు. ఆ తరువాత అతనికి సభలకు కొదవ లేకపోయింది. రోజులు మారాయి, ఇజాజత్‌లు పోయాయి, అమీన్లు పోయారు. ఎక్కడ నలుగురు కూడినా అతన్ని పిలిచేవారు. నన్నూ పిలిచేవారు, ముందు మాట్లాడి జనం కుదుటపడేందుకు. నా పెండ్లిలో అన్నం వడ్డిస్తూ అడిగాడు, నా కొడుకు బారసాలలో అడిగాడు: “ఆ కిటికీ మాట ఏందిరా తమ్మీ?” ప్రతిసారీ నేను అదే జవాబు చెప్పాను. ఒకనాడు మాత్రం, పఠన మందిరం సభలోనే, అతడు ఎదుట కూర్చొని ఉండగా, ఆ వాక్యాన్ని నేను వేదిక మీది నుంచి తెలుగులో చెప్పాను. స్పష్టంగా, ఆగి, ఉస్తాదు చెప్పిన విధంగా చెప్పాను. జనం తరువాతి వాక్యం కోసం ఎదురుచూశారు. అన్న పక్కవాడితో ఏదో ముచ్చట పెడుతూ జేబులోంచి తంబాకు డబ్బీ తీశాడు. సభ అయ్యాక నా చేయి పట్టుకొని, “మంచిగ సదివినవ్ తమ్మీ. అవు గని, అప్పుడు అమీను మెచ్చుకున్న మాట ఇప్పటికన్న యాదికొచ్చిందా?” అన్నాడు.

“రాలేదు,” అన్నాను.

“పోనీ తియ్యి. నేను ఆ దినం ఏం చెప్పిన్నో నాకే యాదిలేదు. ఏదో నవ్విన్రు జనం. ఏం చెప్పిన్రా?”

నేను చెప్పాను. పెద్దవ్వ, పన్ను, సూదులు, గొళ్ళెం, చొక్కా నమిలిన దుడ్డె, ఎగిరిపోయిన చిలక. అతడు ఇంకెవరి కథో వింటున్నట్టు పడి పడి నవ్వాడు. “నిజంగ గట్లన్ననా?” అని అడిగి, మళ్ళీ చెప్పమన్నాడు. రంగుల దుకాణం మెట్ల మీద కూర్చొని మళ్ళీ చెప్పాను.

అతడు పోయి చాలా కాలమైంది. నా ఉపన్యాసంలో ఆ ఒక్క వాక్యం, ఆ బర్రె పేరు, చీకటిలో నడిచేవాని మాట తప్ప ఇప్పుడు నాకేమీ గుర్తు లేదు. అతడు ఆ సాయంత్రం మాట్లాడినది మాత్రం మొదటి నుంచి చివరిదాకా, ఎక్కడ ఆగాడో, ఎక్కడ మెడ గోక్కున్నాడో, ఎక్కడ గొంతు తగ్గించాడో, ఒక్క మాట పొల్లుపోకుండా నాకు కంఠస్థం.